మేస్త్రి తడి లుంగీ

పడవ పని చివరికొచ్చిన రోజుల్లో, పొద్దున్నే మేము యార్డ్‌కు వెళ్ళేసరికి మా మేస్త్రి లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉండేది. ఆయన కూర్చున్న దుంగ చుట్టూ నేల కూడా తడిగా ఉండేది. ఆయన మాత్రం చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఖాడీ వైపు చూస్తూ ఉండేవాడు. ఖాడీ అంటే సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే పాయ. దాని ఒడ్డునే మా యార్డ్.

"ఏటి మేస్త్రిబాబూ, ఇంటికాడ తానానికి నీల్లు లేవేటి?" అని ఆడవాళ్ళం అడిగేవాళ్ళం.

"ఖాడీలో కాల్లు కడుక్కున్నాన్లే."

"కాల్లు కడుక్కుంటే లుంగీ అంతా తడుస్తాదా?"

"నీల్లకి మొగమాటం లేదే పాపా. ఇంతవరకే రా అంటే ఆగుతాదా?"

మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. పెళ్ళానికి భయపడి బట్టలు ఖాడీలో ఉతుక్కుంటున్నాడని ఒకతి, పీతల కోసం దిగి పడ్డాడని ఒకతి. ఆయన నవ్వేవాడు కాదు. టీ తాగేసి, గ్లాసు బోర్లించి, "పదండి, పత్తి పేనండి" అనేవాడు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తున్నది. ఆమె నా మాటను నలుగురు చదివేలా సర్దుతున్నది గానీ సంగతి మాత్రం నాదే.

ఆ యార్డ్‌లో చెక్క పడవలు కట్టేవాళ్ళు. చేపల వేటకు పోయే చిన్న డుంగీల దగ్గర నుంచి ఇంజను పెట్టే పెద్ద పడవల దాకా. మగవాళ్ళు పడౌక్ కలప పలకలు కోసి బిగించేవాళ్ళు. పలకకీ పలకకీ మధ్య సందు ఉంటుంది కదా, దాన్ని కూరడం ఆడవాళ్ళ పని. పత్తిని తొడ మీద పెట్టి అరచేత్తో పేని తాడు పేటలా చెయ్యాలి. నూనెలో ముంచాలి. ఉలిలాంటి మొద్దు ఇనుముతో, చెక్క సుత్తితో సందులోకి దిగగొట్టాలి. పైన గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద బొటనవేలితో అద్ది నున్నగా పూయాలి. ఆ ముద్ద కిందున్న పత్తే పడవకు ప్రాణం. ముద్ద పై అందానికే.

ఈ పని మాకు నేర్పింది మేస్త్రే. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నతనంలో ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడట. ఆ ఓడలో మూడు రోజులూ వాంతులే. అప్పటినుంచీ నీళ్ళ మీద అడుగు పెట్టింది లేదు. అన్ని పడవలు కట్టినవాడు ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. పడవను నీళ్ళలోకి దించే రోజు కొబ్బరికాయ కొట్టి, అందరూ ఎక్కి కేకలు వేస్తుంటే తాను ఒడ్డున నిలబడి పడవ అంచు పట్టుకుని నడిచేవాడు. నీళ్ళు నడుముకు వచ్చేసరికి వదిలేసి వెనక్కి వచ్చేవాడు. బస్సెక్కినా అదే అవస్థ. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

ఆయనది ఎడమ చేతి వాటం. సుత్తి ఎడమ చేత్తో, రంపం ఎడమ చేత్తో. పత్తి పేనడం కూడా ఎడమ తొడ మీద, ఎడమ అరచేత్తో. మా పేటలన్నీ ఒక వైపుకు మెలి తిరిగితే ఆయన పేట రెండో వైపుకు తిరిగేది. "మేస్త్రిబాబూ, నీ పేట ఉల్టా" అని ఎగతాళి చేసేవాళ్ళం. "సముద్రానికి కుడీ ఎడమా తెలీదు. కాలీ ఉందా లేదా అదొక్కటే సూస్తాది" అనేవాడు.

సందు నిండిందో లేదో చూడడానికి ఆయన చెంప పలకకు ఆనించి, వేలి కణుపుతో కొట్టి వినేవాడు. అలా పడవ పొడుగునా చెంప ఆనించుకుంటూ పోయేవాడు. చూసేవాళ్ళకు ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉండేది. ఎవరి సందు దగ్గరైనా ఆగితే ఆమె సుత్తి దించేసి చూసేది. కానీ ఏమీ అనేవాడు కాదు. అన్నేళ్ళలో ఎవర్నీ "ఇది తప్పు" అని ఆయన అన్నట్టు నాకు గుర్తు లేదు. యజమాని తమ్ముడు ఒకసారి నా పక్కదాన్ని పనికిరాదని అరిస్తే, మేస్త్రి మధ్యలోకి వచ్చి, "ఆ సందు నాది బాబూ" అన్నాడు. ఆయనది కాదు. అందరికీ తెలుసు.

రంగు వేసే ముందు నీళ్ళ పరీక్ష ఉండేది. పడవ లోపల నీళ్ళు పోస్తారు. బయట ఎక్కడ చెమ్మ కనిపిస్తే ఆ సందు కూరినామెకు ఆ రోజుతో ఆ పని పోయినట్టే. కలప మోయడానికి పంపేస్తారు. అందుకని పరీక్ష రోజు మేము దణ్ణాలు పెట్టుకుంటూ నిలబడేవాళ్ళం. నేనున్న ఎనిమిదేళ్ళలో ఒక్క పడవా కారలేదు. మా చేతుల్లో అంత పని ఉందని మేము ఎంత మిడిసిపడ్డామో చెప్పలేను. బజారులో చేపలమ్మే వాళ్ళ దగ్గర కూడా మా సందుల గొప్పలే.

ఇక నా సంగతి చెప్పాలి. మేస్త్రిని చెప్పాలంటే అది చెప్పక తప్పదు.

అప్పుడు మేము వండూర్‌లో ఉండేవాళ్ళం. మా ఊరి ఆసామి ఒకడు మా యార్డ్‌లోనే ఇంజను పడవ కట్టించాడు. దాని మీద వేటకు వెళ్ళేది మా ఆయనే. ఆ పడవకు ఎడమ పక్కంతా నేను కూరాను. ఒకరోజు సాయంత్రం ఆఖరి బస్సు వేళకు, అడుగు నుంచి మూడో పలక దగ్గర, జానెడు సందు మిగిలిపోయింది. అక్కడ చెక్కలో కన్నులాంటి ముడి ఒకటి ఉంది, సరిగ్గా దాని వెనక. చేతిలో పేట అయిపోయింది. ఇంకొకటి పేని, నూనెలో నానబెట్టి దిగగొట్టాలంటే బస్సు పోతుంది. ఖాళీ సందు మీదే ముద్ద అద్ది నున్నగా పూసేశాను. పొద్దున్నే వచ్చి ముందు ఇదే తీసి కూరుద్దామనుకున్నాను.

ఆ రాత్రి మొదలైన వాన రెండు రోజులు పట్టింది. రోడ్డు మీదకు నీళ్ళొచ్చి బస్సు రాలేదు. మూడో రోజు వెళ్ళేసరికి నీళ్ళ పరీక్ష అయిపోయింది, పడవకు నీలం రంగు కూడా వేసేశారు.

"నీ పక్క ఒక్క సుక్క కారలేదే అప్పా" అంది నా తోటిది.

ఎలా కారలేదో నాకు అర్థం కాలేదు. పచ్చి ముద్ద ఆ కాసేపూ ఆపి ఉంటుంది అనుకున్నాను. చెప్పాలంటే అందరి ముందూ రంగు గీకి చూపించాలి. నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే పడవ నీళ్ళలోకి దిగిపోయింది. మా ఆయనకు ఆ పడవంటే ఎంత గొప్పో. వాళ్ళనీ వీళ్ళనీ పిలిచి, ఎడమ పక్క చరిచి, "ఇది మా ఇంటిదాని సెయ్యి" అని చూపించేవాడు. ఆయన అలా చరిచినప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు పక్కకు వెళ్ళిపోయేదాన్ని.

నాలుగు నెలలకు గాలివాన పట్టింది. పడవ మీద ముగ్గురు. ఇద్దరు దాన్ని పట్టుకుని తేలారు. మా ఆయన తేలలేదు.

బతికి వచ్చినవాళ్ళలో ఒకతను మా ఆయన స్నేహితుడు. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తూ చెప్పాడు. "పైనుంచి పడింది వొదినా. ఒక్కటే అల. అన్న ఇంజను కాడున్నాడు."

"అడుగున నీల్లున్నాయా అంతకు ముందు?" అని అడిగాను.

"సముద్రంలో పడవ వొదినా. అడుగున కొన్ని నీల్లు ఉండవా?"

ఆ మాట చాలు నాకు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాటే నమిలాను. అల సంగతి నా కోసం కల్పించి చెప్పాడనుకున్నాను.

పదకొండో రోజు మేస్త్రి వచ్చాడు. బస్సులో వచ్చాడు పాపం, మొహం పీక్కుపోయి, చేతిలో నలిగిన నిమ్మకాయతో. లోపలికి రాలేదు. గుమ్మం బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచి వెళ్ళబోతూ అన్నాడు.

"పడవ తీసుకొచ్చి యార్డ్‌లో పెట్టినారు. నాను అంతా సూసినాను పాపా. నీ సేతి సందులన్నీ సూసినాను. ఒక్క సుక్క రాలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఖాళీగా వదిలిన సంగతి తెలియక ఓదారుస్తున్నాడు ఈ ముసలాయన అనుకున్నాను. "నీకేటి తెల్సు మేస్త్రిబాబూ" అనేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆయన ఎంతసేపు నిలబడ్డాడో, ఎప్పుడు వెళ్ళాడో చూడలేదు.

మళ్ళీ యార్డ్ గడప తొక్కలేదు. ఒక బడిలో పిల్లలకు వంట చేస్తూ కూతుర్ని పెంచి పెళ్ళి చేశాను. ఇప్పుడు డెలానీపూర్‌లో దాని దగ్గరే ఉంటున్నాను. ఈ సంగతి దానికీ చెప్పలేదు.

మేస్త్రిని ఇంకొక్కసారి చూశాను, ఏళ్ళ తరువాత, బస్సులో. బాగా వంగిపోయాడు. అదే నిమ్మకాయ. కళ్ళు తెరిచి నన్ను చూసి గుర్తుపట్టాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. తుష్నాబాద్ దాకా నిమ్మకాయ వాసన చూస్తూనే ఉన్నాడు. దిగే ముందు మెల్లగా అడిగాడు.

"పాపా, నా పడవ మీద ఇంకా కోపమేటి?"

"లేదు" అన్నాను. కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాను. ఆ లేదు ఎవరు నమ్ముతారు? ఆయన కింద దిగి, బస్సు కదిలేదాకా నిలబడి, ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ ఏడాది వానల్లో పోయాడని విన్నాను. వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ యార్డ్ యార్డ్ కాదు. చెక్క పడవలు అడిగేవాళ్ళు లేక చాలా ఏళ్ళు మూతపడి ఉంది. తరువాత ఎవరో తీసుకుని బొమ్మలు వేసేవాళ్ళకూ, పాటలు పాడేవాళ్ళకూ, కుండలు చేసేవాళ్ళకూ గదులు కట్టి ఇచ్చారు. సముద్రం అవతల దేశం నుంచి వచ్చే టూరిస్టులకు అదంతా నడిపించి చూపించే పని నా మనవరాలిది. నా కూతురి కూతురు. తెలుగు మాట్లాడుతుంది గానీ మధ్యలో హిందీ దూకుతూ ఉంటుంది. నేను అక్కడ పనిచేశానని వాళ్ళమ్మ చెప్పిందట, అప్పటినుంచీ ఒకటే పోరు.

"అమ్మమ్మా, ఒక్కసారి చలో నా. అసలీ పనిచేసిన మనిషి వస్తే టూరుకి ఎంత బాగుంటుంది."

ఏడాది పాటు కాళ్ళ నొప్పులని తప్పించుకున్నాను. మొన్న ఆదివారం పొద్దున్న ఆటో తీసుకొచ్చి గుమ్మంలో పెట్టింది. ఇక తప్పలేదు.

టూరిస్టులు పదకొండు మంది వచ్చారు. నన్ను చూపించి "యే మేరీ నానీ హై" అంది, మా అమ్మమ్మ అని. అందరూ నమస్తే పెట్టారు. ముందు రంపాల షెడ్డు. లోపల తలుపంత బొమ్మలు వేలాడుతున్నాయి. ఒకదాంట్లో ఏముందో ఎటునుంచి చూసినా నాకు తెలియలేదు. మగవాళ్ళు బీడీలు కాల్చుకునే చోట నలుగురు కళ్ళు మూసుకుని గాలి పీలుస్తున్నారు. గుగ్గిలం కాచే పెద్ద మూకుడులో తామరపూలు పెంచుతున్నారు.

"అమ్మమ్మా, నువ్వు ఏ జగా కూర్చునేదానివి? చూపించు, ఫొటో తీసుకుంటారట."

"నేను కూర్చునే చోట కాఫీ మిషను పెట్టారే."

అది హిందీలో చెప్పింది, అందరూ నవ్వారు. నాకూ కాస్త ధైర్యం వచ్చింది. పోనీలే, ఆ యార్డ్ ఇది కాదు, అంతా మారిపోయింది అనుకుంటూ చివరి షెడ్డులోకి వెళ్ళాను.

అక్కడ పడవ ఉంది.

నీలం రంగు చాలావరకు రాలిపోయింది. ముక్కు చూడగానే గుర్తుపట్టాను. మనిషిని మింగిన పడవని ఎవరూ కొనక, విరగ్గొట్టడానికి చేతులు రాక, అన్నేళ్ళూ ఆ మూలనే పడి ఉందట. తన తాత ఎక్కిన పడవ అదేనని నా మనవరాలికి తెలియదు. అది ఉత్సాహంగా చెప్పుకుపోతున్నది, ఈ యార్డ్‌లో నీళ్ళ పరీక్షలో ఒక్క పడవా కారలేదని, చేత్తో తాకి చూడమని. వాళ్ళు తాకుతున్నారు. నేను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

వెళ్ళిపోదామనుకున్నాను. తరువాత ఎందుకో, ఇంకెన్నాళ్ళు బతుకుతాను, చూసే చద్దాం అనిపించింది. ఎడమ పక్కకు నడిచాను. అడుగు నుంచి మూడో పలక. కన్ను ముడి అలాగే ఉంది. చెక్క ఎండి సందులు విచ్చుకుని, పైన పూసిన ముద్ద పెచ్చులు రాలిపోయింది. పలకల మధ్య నుంచి పత్తి పేటలు బయటకు తొంగి చూస్తున్నాయి. ముడికి ముందు నా పేట. ముడి వెనక జానెడు.

ఖాళీ లేదు.

ఆ జానెడూ పత్తి నిండుగా ఉంది. నా కళ్ళు పోయాయేమోనని వేలు పెట్టాను. గట్టిగా, చీమ దూరకుండా దిగగొట్టిన పేట. కొసను గోటితో గిల్లి పైకి తీశాను. మెలిక చూశాను. పక్కనున్న నా పేట చూశాను. మళ్ళీ దాన్ని చూశాను.

"ఇలా రా ఓసారి" అని మనవరాల్ని పిలిచాను. "నా కళ్ళు నమ్మను. ఈ పేట ఎటు తిరిగింది, ఆ పేట ఎటు తిరిగింది, చూసి చెప్పు."

అది వంగి చూసింది. "అరే, ఇది ఉల్టా ఉంది అమ్మమ్మా."

అప్పుడు నాకు ఆ తడి లుంగీ గుర్తొచ్చింది.

మా నీళ్ళ పరీక్షకు ముందు ఆయన పరీక్ష ఒకటి ఉండేదన్నమాట. మేము రాకముందే, తెల్లారకట్లే వచ్చి, ఖాడీలోంచి బకెట్లతో మోసి పడవలో నీళ్ళు పోసుకునేవాడు ఒక్కడూ. ఎక్కడ కారితే అక్కడ తీసి తన చేత్తో కూరి, పైన మా లాగే ముద్ద పూసేసి, నీళ్ళు తోడేసి, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని టీ గ్లాసుతో కూర్చునేవాడు. మేమేమో మా చేతుల గొప్ప అని ఎనిమిదేళ్ళు ఊరేగాం. ఆయన పెళ్ళానికి భయపడుతున్నాడని నవ్వాం.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. మనవరాలు హడలిపోయింది. "అమ్మమ్మా, చక్కర్ వచ్చిందా, కళ్ళు తిరిగాయా? పానీ తీసుకురానా?"

"ఏం రాలేదే. కూర్చో."

అది పక్కన కూర్చుంటే, ముప్పై ఏళ్ళు నా నోట రాని మాట దాని చెవిలో చెప్పాను. ఇది మీ తాత పడవ అని. ఇక్కడ జానెడు నేను వదిలేశానని. మీ తాతను నా చెయ్యే ముంచిందని ఇన్నాళ్ళూ అనుకున్నానని. అది నా చెయ్యి తీసుకుని ఆ సందు మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది.

"భరా హువా హై అమ్మమ్మా. నిండి ఉంది. నీళ్ళు ఇక్కడి నుంచి రాలేదు."

"పైనుంచి పడిందే. ఒక్కటే అల" అన్నాను. ఆ మాట అబద్ధం కాదని అప్పుడు నమ్మాను. మా ఆయన స్నేహితుడు ఇంకా వండూర్‌లోనే ఉన్నాడు. వెళ్ళి అతనితో ఒకసారి కూర్చోవాలి.

నీ చేతి సందులన్నీ చూశాను, ఒక్క చుక్క రాలేదు అని మేస్త్రి గుమ్మంలో నిలబడి చెప్పింది తెలియక కాదు. తెలిసే చెప్పాడు. ఆ జానెడు నేనే కూరాను అని ఇంకొక్క మాట అని ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. కానీ ఆ మాట అంటే, నువ్వు వదిలేశావు అని నాకు చెప్పినట్టే. ఎవర్నీ తప్పు అని అనని నోరు, మొగుడు పోయి పదకొండు రోజులైనదాన్ని అంటుందా? నేను మరిచిపోయి వదిలేశాననుకుని ఉంటాడు. దాన్ని మనసులో పెట్టుకుని కుళ్ళుతున్నానని ఆయనకేం తెలుసు? ఆయనేమో తన పడవ నా మొగుణ్ణి మింగిందని నేను కోపంగా ఉన్నాననుకుంటూ పోయాడు. ఇద్దరం ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని ఎవరి బరువు వాళ్ళం మోసుకున్నాం. అదొక్కటే ఇప్పుడు నాకు మిగిలిన నొప్పి. అయినా మోయలేనిది కాదు. ఆ రోజు ఇంటికెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకు తిన్నాను. నా కూతురు వింతగా చూసింది. దానికీ చెప్పాను.

ఇప్పుడు ఆదివారం వస్తే నేనే ముందు తయారవుతున్నాను. మిగతా చోట్ల మనవరాలు మాట్లాడుతుంది. చివరి షెడ్డులో నేను మాట్లాడతాను, అది హిందీలో చెబుతుంది. నీళ్ళ పరీక్షలో ఒక్క పడవా కారలేదని గొప్పగా చెప్పి ఊరుకోవడం దాని చేత మాన్పించాను. ఎందుకు కారలేదో చెప్పమన్నాను. టూరిస్టులు లుంగీ సంగతికి నవ్వుతారు. నవ్వనీ, మేమూ నవ్వాం.

ఆఖర్న ఎవరో ఒకరు అడుగుతారు, ఇందులో మీరు చేసింది ఏదమ్మా అని. ఎడమ పక్కకు తీసుకెళ్తాను. మా ఆయన చరిచినట్టే పలక మీద ఒకసారి చరుస్తాను. తరువాత కన్ను ముడి వెనక వేలు పెడతాను.

"ఈ పక్కంతా నా చెయ్యి. ఈ జానెడు మాత్రం మా మేస్త్రిది."